‘ట’ పోయిన వార్త

2020 ఆగస్టు 24, సోమవారం పొద్దున. కొత్తగూడలో మా వీధి మొత్తం హాస్టళ్లే, అప్పటికి అన్నీ ఖాళీ. గేట్లకి టూలెట్ బోర్డులు, మెట్ల మీద ఎవరో వదిలేసి వెళ్లిన బకెట్లు, చుట్టచుట్టిన పరుపులు. నేను ఊరెళ్లకుండా ఇక్కడే ఉండిపోయాను. లాప్‌టాప్‌లో టీమ్ మీటింగ్ నడుస్తోంది, నేను మ్యూట్‌లో ఉన్నాను. ఫోన్‌లో ఒక మెసేజ్: ఎస్పీ బాలుకి కరోనా నెగెటివ్. చదవడానికి రెండు సెకన్లు పట్టింది, మా ఫ్యామిలీ గ్రూపులో పడేయడానికి ఒక సెకను.

ఖమ్మం నుంచి అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. "నాకు తెలుసురా, ఆయనకేం కాదని" అంది. ఆ పూట పరమాన్నం చేసి, గిన్నెలో పెట్టి, ప్రహరీ గోడ మీదనుంచి పక్కింటివాళ్లకి కూడా ఇచ్చింది. గోడకి అటువైపు వాళ్లు, ఇటువైపు అమ్మ, ఇద్దరికీ మాస్కులు.

తర్వాత ఎస్పీ చరణ్ వీడియో వచ్చింది. నెగెటివ్ అన్నది రూమర్, నాన్న ఇంకా లైఫ్ సపోర్టు మీదే ఉన్నారు, దయచేసి ఇలాంటివి నమ్మకండి అని దాని సారాంశం. అప్పటికి చాలా రోజులుగా అతను దాదాపు ప్రతిరోజూ కెమెరా ముందు కూర్చుని తండ్రి పరిస్థితి చెబుతున్నాడు. ఒక కొడుకు చేయాల్సిన పనుల్లో ఇది కూడా చేరిందన్నమాట. ఆస్పత్రికి వెళ్లాలి, డాక్టర్లతో మాట్లాడాలి, ఇంటికొచ్చి లోకానికి సంజాయిషీ చెప్పుకోవాలి.

బాలు మరణం గురించి ఇప్పటికే చాలా నివాళులొచ్చాయి. నేను రాయాలనుకున్నది నివాళి కాదు. ఆ యాభై ఒక్క రోజులూ, ఆ తర్వాత ఒక వారం, మనం ఆయన చుట్టూ అల్లిన కథల గురించి. అవి కథలే. వాటికి పాత్రలున్నాయి, విలన్లున్నారు, క్లైమాక్స్ ఉంది. సినిమాకీ నవలకీ రివ్యూ రాసే మనం వీటికెందుకు రాయకూడదు? ఒక జాతి అంతా కలిసి రాసుకున్న టెక్స్టులివి. రచయిత పేరు లేదు, అంతే.

ముందు ఒక చిన్న సంగతి. అదే ఏడాది జూన్ నెలాఖరులో ఎస్. జానకి చనిపోయారని పుకారు లేచింది. పొద్దున్నుంచీ వరసగా ఫోన్లు వస్తుంటే విసుగెత్తి స్వయంగా వీడియో పెట్టింది ఎవరో కాదు, బాలూయే. జానకమ్మతో తాను మాట్లాడానని, ఆవిడ బాగున్నారని చెప్పి, బతికున్న మనుషుల మీద ఇలాంటివి పుట్టించడం ఏమిటని గట్టిగానే మందలించారు. ఆయన గొంతులో కోపం వినడం మనకి అరుదు. పాట మధ్యలో నవ్వగలిగిన, ఏడవగలిగిన మనిషి నిజంగా కోప్పడితే ఎలా ఉంటుందో ఆ వీడియోలో తెలుస్తుంది. ఆరు వారాలు తిరక్కుండా, ఆగస్టు 5న, ఆయనే మరో వీడియో పెట్టారు. కాస్త జలుబు, వచ్చిపోయే జ్వరం, పరీక్షలో కరోనా అని తేలింది, ఇంట్లో వాళ్లకి ఇబ్బంది లేకుండా ఆస్పత్రిలో చేరాను, ఫోన్లు చేయకండి. ఆ వీడియోలో కోపం లేదు. చెన్నైలో ఎంజీఎం హెల్త్‌కేర్‌లో చేరారు. 13వ తేదీ రాత్రి పరిస్థితి మారింది. ఆ తర్వాత లోకం ఆయన గొంతు వినలేదు.

ఆ మౌనంలోకే పుకారు దూరింది.

* * *

తెలుగులో ఒక గొప్ప అక్షరం ఉంది. ‘ట’. వచ్చాడట, పోయారట, కట్టలేకపోయారట. మాటల్లోనైతే ‘అంట’. నేను చూడలేదు, విన్నాను. నిజమో కాదో నా పూచీ లేదు అని ఒక్క అక్షరంలో చెప్పేస్తాం. ఇంగ్లీషువాడికి దీనికోసం ఒక పెద్ద క్లాజు కావాలి. ఈ ‘ట’ మర్యాదైనదే, పిరికిది కూడా. మర్యాద ఎందుకంటే విన్నదానికీ చూసినదానికీ తేడా చెబుతుంది. పిరికిది ఎందుకంటే మాట అనేసి తప్పుకోవడానికి దారి ఉంచుకుంటుంది. కానీ అరుగు మీద, బావి దగ్గర, టీ కొట్టు దగ్గర ఈ అక్షరం ఇంకో పని చేసేది. ఎదుటివాళ్ల నోట్లో ప్రశ్న పెట్టేది. "పోయాడంట" అంటే వెంటనే "ఎవరన్నారు?" అని వచ్చేది. "ఫలానా వాళ్ల అల్లుడు" అంటే, "వాడా, వాడి మాటలు నమ్మితే అయినట్టే" అని అక్కడికక్కడే తీర్పు. ఊళ్లో పుకారుకి ‘ట’ కూడా ఉండేది, చిరునామా కూడా ఉండేది.

ఇప్పుడు నా ఫోన్‌లో ఆ రోజుల మెసేజ్‌లు మళ్లీ చదువుతుంటే కనిపించింది ఇదే. ఒక్కదాంట్లోనూ ‘ట’ లేదు. "నెగెటివ్ వచ్చింది." "బిల్లు కట్టలేదు." "ఫలానా ఆమె వల్లే వచ్చింది." అన్నీ కళ్లతో చూసి రాసినట్టే. చేతిరాత కాదు, గొంతు కాదు. ఎవరో టైపు చేసింది ఎవరెవరి చేతుల మీదుగానో అలాగే వచ్చి పడింది. నేను నోటితో చెప్పుంటే కచ్చితంగా "నెగెటివ్ వచ్చిందంటమ్మా" అనేవాణ్ణి. అమ్మ "ఎవరన్నారు?" అని అడిగేది. నేను ఫార్వర్డ్ చేశాను కాబట్టి అడగలేదు. అచ్చులో ఉన్నది అబద్ధం కాదన్న పాత నమ్మకం అమ్మది. ఈ మెసేజ్‌లకి ఆ నమ్మకం ఉచితంగా దొరికింది.

యూట్యూబ్ థంబ్‌నెయిళ్లు మాత్రం తెలివైనవి. వాళ్లు ‘ట’ స్థానంలో ప్రశ్నార్థకం పెట్టారు. అది అడగడానికి పెట్టిన గుర్తు కాదు, లాయర్ నోటీసు రాకుండా కట్టుకున్న తాయెత్తు.

ఇంకోవైపు ఆస్పత్రి బులెటిన్ల భాష. అవి ఇంగ్లీషులో పొడిపొడిగా వచ్చేవి: వెంటిలేటర్, ఎక్మో, క్రిటికల్, స్టేబుల్. టీవీలవాళ్లు వాటిని తెలుగు చేసేవాళ్లు. "పరిస్థితి విషమంగానే ఉంది, కానీ నిలకడగా ఉంది." అమ్మ ఒకరోజు అడిగింది, "విషమంగా ఉంటే ఇంక నిలకడేంటిరా?" నా దగ్గర జవాబు లేదు. డాక్టరుకి ఆ వాక్యంలో అర్థం ఉంది. ఇంట్లో కూర్చున్న మనిషికి అది పొడుపుకథ. ఎక్మో అంటే గుండె, ఊపిరితిత్తుల పనిని బయట ఒక యంత్రం చేయడమని, ఒంట్లోని రక్తాన్ని గొట్టాల్లోంచి బయటికి తీసి ఆక్సిజన్ ఎక్కించి మళ్లీ లోపలికి పంపడమని ఓపిగ్గా తెలుగులో చెప్పినవాళ్లు ఎంతమంది? బులెటిన్ ఎంత పొడిగా ఉంటే పుకారు అంత తడిగా ఉంటుంది. పుకారులో అమ్మ భాష ఉంది. అందుకే అమ్మ దాన్ని నమ్మింది.

"నిప్పు లేందే పొగ రాదు" అంటారు. నాకు ఈ సామెత మీద చాలా కాలంగా అనుమానం. పుకారు తరఫున వాదించడానికి పెట్టుకున్న వకీలు ఇది. పొగ చూపించి నిప్పు ఉందని రుజువు చేసేస్తుంది, ఆ నిప్పు ఎవరింట్లో ఉందో మాత్రం పొగ చూసినవాడి ఇష్టం.

* * *

మన సినిమా మనకి ఒక పాఠం చెప్పింది, పాటగాడు ఎలా చనిపోవాలో. 1980 ఫిబ్రవరి 2న వచ్చిన ‘శంకరాభరణం’ చివర గుర్తు చేసుకోండి. శంకరశాస్త్రి కచేరీ చేస్తూ మధ్యలో కూలిపోతాడు. పాట ఆగదు. పిల్లవాడైన శిష్యుడు అందుకుంటాడు, గురువు కాలి గండపెండేరం శిష్యుడికి చేరుతుంది, తులసి ఆయన పాదాల దగ్గర ప్రాణం వదులుతుంది. చావు కాదది, కచేరీకి మంగళం. తెరమీద సోమయాజులు, గొంతు బాలుది. ఆయన ఆరు జాతీయ అవార్డుల్లో మొదటిది ఈ సినిమాకే. శాస్త్రీయంగా పెద్దగా నేర్చుకోని నేను ఈ పాటలు పాడగలనా అని ఆయన మొదట వెనకాడారని అందరికీ తెలిసిందే.

అంటే నలభై ఏళ్లుగా తెలుగువాళ్ల బుర్రలో ‘గాయకుడి మరణం’ అంటే ఒక సీను ఉంది. ఆ సీనులో పాడే గొంతు బాలుది. తీరా ఆ గొంతుకే మరణం వచ్చినప్పుడు ఏముంది? అద్దాల వెనక ఐసీయూ. నోట్లో గొట్టం. పీపీఈ సూట్లలో ముఖాలు కనపడని నర్సులు. పాట లేదు, వేదిక లేదు, పక్కన కూర్చునే వీల్లేదు. ఆగస్టు 20 సాయంత్రం ఆరింటికి చెన్నైలో సినిమావాళ్లంతా ఎక్కడివాళ్లక్కడే ఉండి, ఒకే సమయానికి ఆయన పాటలు పెట్టుకుని ప్రార్థన చేశారు. అది నాకు ఒక ప్రయత్నంలా అనిపిస్తుంది, ఆ సీనుని ఎలాగైనా సంగీతంలోకి లాగాలన్న ప్రయత్నం. ఇళయరాజా తిరిగి రమ్మని పిలుస్తూ వీడియో పెట్టారు. 2017లో పాటల హక్కుల మీద ఆయన లీగల్ నోటీసు పంపడం, ఇద్దరి మధ్యా మాటల్లేకపోవడం, తర్వాత కలిసిపోవడం తెలిసినవాళ్లకి ఆ పిలుపు ఇంకో రకంగా తగిలింది. వీటితో సరిపెట్టుకోలేనివాళ్లు పుకారు దగ్గరికి వెళ్లారు.

ఎందుకంటే వైరస్‌కి పగ లేదు. పగ లేని చావుని కథగా చెప్పలేం.

ఈ అవసరం మనదే కాదు. మోజార్ట్ 1791 డిసెంబరు 5న చనిపోయాడు. నెల తిరిగేలోపే విషం పెట్టారేమోనన్న మాట బెర్లిన్ పత్రికలో అచ్చయింది. ఆ విషం చివరికి సాలియేరి చేతికి వచ్చింది. 1830లో పుష్కిన్ చిన్న నాటకం రాశాడు, రిమ్‌స్కీ కోర్సకోవ్ దాన్ని ఆపెరా చేశాడు, పీటర్ షాఫర్ ‘అమేడియస్’ రాశాడు, 1984లో ఫోర్‌మన్ సినిమా తీశాడు. అన్నీ గొప్ప రచనలే, అదే ఇబ్బంది. సాలియేరి బతికుండగానే, ముసలితనంలో మంచం మీద, తాను విషం పెట్టలేదని చెప్పుకోవాల్సి వచ్చింది. మోజార్ట్ చిన్న కొడుక్కి సంగీతం చెప్పినవాళ్లలో ఆ సాలియేరి ఒకడన్న విషయం ఈ కథల్లో ఇమడదు కాబట్టి ఎవరికీ గుర్తుండదు.

మనకీ ఒక సాలియేరి ఉన్నాడు. ‘స్వాతికిరణం’లో అనంతరామశర్మ. మమ్ముట్టి. తనకన్నా గొప్పగా పాడే పిల్లవాణ్ణి చూసి ఓర్వలేని గురువు, ఆ అసూయ పిల్లవాణ్ణి చావుదాకా తీసుకెళ్లడం. విశ్వనాథ్ తీసిన వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. ‘శంకరాభరణం’ అందమైన చావు చూపిస్తే, ఇది అనుమానం ఉన్న చావు చూపిస్తుంది, సంగీతం మనిషిని పెద్ద చేయకపోవచ్చని ఒప్పుకుంటుంది. ఈ రెండు సినిమాలూ కలిస్తే మన దగ్గర పూర్తి సెట్టు ఉన్నట్టే. గాయకుడు చనిపోతే ఒకటి, వేదిక మీద పోవాలి. కాదంటే పక్కనున్నవాళ్లలో ఎవడో చంపుండాలి. మూడో రకం మనకి తెలీదు.

2020 ఆగస్టులో మూడో రకం వచ్చింది, మనం దాన్ని రెండో రకంలోకి తోసేశాం.

* * *

జూలై నెలాఖరులో బాలు హైదరాబాద్‌లో ఒక టీవీ కార్యక్రమం షూటింగులో పాల్గొన్నారు. ఆయనకి కరోనా అని తెలియగానే ప్రశ్న తయారైంది: ఎవరు అంటించారు? తర్వాత జవాబూ తయారైంది. ఆ షూటింగులో పాడిన ఒక యువ గాయని పేరు బయటికి వచ్చింది. ఇంట్లోవాళ్లకి కరోనా ఉన్నా దాచిపెట్టి వచ్చిందని కథ. ఆమె ఫలానా తేదీన షూటింగు, ఫలానా తేదీన మా పరీక్షలు, ఇదిగో రిపోర్టు అని ల్యాబ్ కాగితం అందరి ముందూ పెట్టుకుని వివరణ ఇవ్వాల్సి వచ్చింది. తేదీలు చూస్తే కథ నిలబడదు. అయినా కింద కామెంట్లు ఆగలేదు.

ఆమె పేరు నేనిక్కడ రాయను. ఆమె స్వయంగా అందరికీ చెప్పుకున్నదే, రాస్తే తప్పులేదనొచ్చు. కానీ ఆ పేరుని ఆ వాక్యం పక్కన ఇంకోసారి పెట్టాలని లేదు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ మెసేజ్ నేను ఫార్వర్డ్ చేయలేదు, అందుకని చాలా రోజులు నాకు నేనే మంచి మార్కులు వేసుకున్నాను. కానీ ఆమె పేరు వెతికాను. ఫొటో చూశాను. ‘ఈమేనా’ అనుకున్నాను. పుకారుకి కావాల్సింది ఫార్వర్డ్ చేసేవాళ్లు మాత్రమే కాదు, చూసి ‘ఈమేనా’ అనుకునేవాళ్లు కూడా.

‘స్వాతికిరణం’ రివర్సు చూడండి ఇందులో. అక్కడ పెద్ద గురువు చేతిలో చిన్న గాయకుడు బలి. ఇక్కడ పెద్ద గాయకుడి కోసం చిన్న గాయనిని బలి ఇవ్వమన్నారు. వందలమంది పిల్లలకి ‘పాడుతా తీయగా’లో శృతి తప్పితే నొచ్చుకోకుండా చెప్పడం ఎలాగో చేసి చూపించిన మనిషి పేరు మీద.

* * *

సెప్టెంబరు 25 శుక్రవారం. మధ్యాహ్నం ఒంటిగంటా నాలుగు నిమిషాలకి బాలు పోయారు. మా గ్రూపులో ఆయన అప్పటికే రెండుసార్లు పోయారు. మర్నాడు తామరైపాక్కంలోని తోటలో పోలీసు వందనంతో ఖననం చేశారు. అంత్యక్రియలకి ఎవరొచ్చారు, ఎవరు రాలేదు అని సాయంత్రానికల్లా లిస్టులొచ్చాయి. పెళ్లికి చదివింపుల పుస్తకం రాసినట్టు.

ఆ తర్వాత వచ్చిందే పెద్ద పుకారు. బిల్లు. ఆస్పత్రి బిల్లు కుటుంబం కట్టలేకపోయిందని, కట్టేదాకా ఆస్పత్రి దేహాన్ని ఇవ్వనందని, తమిళనాడు ప్రభుత్వాన్ని అడిగితే పలకలేదని, చివరికి అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడి కూతురు కల్పించుకున్నారని. ఎంత చక్కటి కథో చూడండి. పిసినారి ఆస్పత్రి, పట్టించుకోని సర్కారు, నిస్సహాయుడైన కొడుకు, చివరి నిమిషంలో మన నెల్లూరు ఆడపడుచు. విఠలాచార్య కూడా ఇంతకన్నా ఏం చేస్తాడు! తండ్రి పోయి మూడు రోజులు కాకముందే చరణ్ ఆస్పత్రి డాక్టర్లతో కలిసి పత్రికల ముందు కూర్చుని అదంతా అబద్ధమని చెప్పాడు. అదే ఏడాది ఫిబ్రవరిలో నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని సొంతింటిని వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేసిన మనిషి గురించి మనం చెప్పుకున్న కథ ఇది.

అయితే ఈ పుకారుని అబద్ధం అని కొట్టేసి వదిలేయలేను. మొదట్లో అదే చేశాను, ఒక పోస్టు కూడా రాశాను, జనాలకి బుద్ధి లేదన్న ధోరణిలో. ఇప్పుడు అది చదివితే సిగ్గేస్తుంది. ఆ రోజులు గుర్తు తెచ్చుకోండి. తెలంగాణ ప్రభుత్వం జూన్‌లోనే ప్రైవేటు ఆస్పత్రులకి రేట్లు కట్టింది: రోజుకి మామూలు వార్డుకి 4,000, ఐసీయూకి 7,500, వెంటిలేటర్‌తో 9,000. కట్టాల్సి వచ్చిందంటేనే బయట ఏం నడుస్తోందో తెలుస్తోంది. ఎక్కువ బిల్లుల ఫిర్యాదులతో హైదరాబాద్‌లో కొన్ని ఆస్పత్రుల కోవిడ్ అనుమతులు ప్రభుత్వమే రద్దు చేసింది. బెడ్ కావాలంటే ముందు లక్షలు కట్టమనడం, కట్టినా మనిషి మొహం చూడనివ్వకపోవడం కొత్తగూడలో, కొండాపూర్‌లో, మియాపూర్‌లో ప్రతి అపార్ట్‌మెంటు గ్రూపులో ఎవరో ఒకరికి జరిగిన సంగతే. బిల్లు కట్టేదాకా శవం ఇవ్వరేమోనన్న భయం బాలుది కాదు, మనది. మన భయానికి పేరు లేదు, పేపర్లో ఫొటో రాదు. అందుకని తీసుకెళ్లి ఆయనకి తొడిగాం. బాలు అంతటివాడికే ఇలా అయితే అన్న మాట వెనక, మాకేం అవుతుందో అన్న మాట ఉంది.

కాబట్టి ఆ పుకారు చెప్పిన విషయం అబద్ధం, దాని అడుగున ఉన్న ఫిర్యాదు నిజం. నా బాధల్లా ఆ ఫిర్యాదు వేయాల్సిన చోట పడలేదని. దాన్ని ఒక కొడుకు గుమ్మంలో పడేసి, అతను కాదని చెప్పగానే ‘ఓహో, కాదా’ అనుకుని ఇంకో వీడియోకి వెళ్లిపోయాం.

* * *

వాట్సాప్‌ని ఒక్కదాన్నే తిడితే అన్యాయం అవుతుంది. 2014 డిసెంబరులో చక్రి హైదరాబాద్‌లో పోయినప్పుడు ఇంత వాట్సాప్ లేదు, న్యూస్ ఛానళ్లున్నాయి. మహబూబాబాద్ పక్కన కంబాలపల్లి నుంచి వచ్చి సిటీలో పెద్ద పేరు తెచ్చుకున్న మనిషి, నలభై ఏళ్లకే పోతే, ఆ పాటల గురించి ఒక పూట మాట్లాడి, ఆ తర్వాత రోజుల తరబడి ఆ ఇంటి గొడవని స్టూడియోల్లో కూర్చోబెట్టారు. ఎవరు ఎవర్ని ఏమన్నారో ఇక్కడ మళ్లీ రాయను. చక్రి సంగీతం మీద తెలుగులో ఒక్క సరైన వ్యాసం ఉందా అని వెతికితే, దొరికేవన్నీ ఆ చావు మీద వీడియోలే. ఇది మాత్రం మన రాసేవాళ్ల తప్పు కూడా.

2023లో విశ్వనాథ్ ఫిబ్రవరి 2న పోయారు, ‘శంకరాభరణం’ విడుదలైన తేదీనే. రెండు రోజులకి, 4న, వాణీ జయరామ్. ‘శంకరాభరణం’కీ, ‘స్వాతికిరణం’కీ జాతీయ అవార్డు తీసుకున్న గొంతు. ‘స్వాతికిరణం’లో ఆ పిల్లవాడికి పాడింది ఆవిడే. చెన్నైలో ఇంట్లో ఒంటరిగా ఉన్నారు, తలకి గాయం ఉంది. ఎవరూ దగ్గర లేకుండా పోతే, ఒంటి మీద గాయం కనిపిస్తే, పోలీసులు అనుమానాస్పద మృతి అని కేసు రాయడం పద్ధతి. స్టేషన్ కాగితంలో ఆ మాటకి అర్థం ‘ఇంకా తెలీదు’ అని. హెడ్‌లైన్‌లో అదే మాటకి అర్థం ‘ఎవరో చంపారు’ అని. తర్వాత పోలీసులే తేల్చారు, పడిపోవడం వల్ల తగిలిన దెబ్బేనని, అనుమానించడానికేమీ లేదని. ఆ రెండో వార్త మా గ్రూపులోకి రానేలేదు. పద్మభూషణ్ ప్రకటించిన పది రోజులకే, ఒక పెద్దావిడ ఖాళీ ఇంట్లో పడిపోయి చనిపోవడం అన్నది ఎంత మామూలు విషయమో, అందుకే ఎంత భరించలేనిదో. చంపారనుకుంటేనే కాస్త నయం.

బాలు గురించి కొత్త గొడవలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. 2025 డిసెంబరులో రవీంద్రభారతిలో ఆయన విగ్రహం పెట్టేటప్పుడు తెలంగాణవాదులు కొందరు వద్దన్నారు, మా కవులూ కళాకారుల విగ్రహాలేవి అని అడిగారు. నాకు బాలు అంటే ప్రాణం. అయినా ఆ ప్రశ్న నాకు కోపం తెప్పించలేదు. ఎదురుగా నిలబడి, మొహం చూపించి, పేరు చెప్పి అడిగిన ప్రశ్న అది. జవాబు చెప్పొచ్చు, పోట్లాడొచ్చు. మరణం చుట్టూ తిరిగిన కథలకి ఆ సౌకర్యం లేదు.

* * *

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానో కూడా చెప్పాలి.

2021 మే నెలలో మా బాబాయి పోయాడు. రెండో వేవ్. ఖమ్మంలో తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉండి. ఆ ఏప్రిల్‌లో బాబాయి కూతురు, మా చెల్లి, ఇక్కడ హాస్టల్ మూసేస్తే ఇంటికెళ్లింది. బాబాయి దినం కూడా కాకముందే మా చుట్టాల్లో ఒక మాట మొదలైంది. "హైదరాబాద్ నుంచి తెచ్చిందంట." ఈసారి ‘ట’ ఉంది, నోటిమాట కాబట్టి. ఎవరూ ఎవర్నీ "ఎవరన్నారు?" అని మాత్రం అడగలేదు. చెల్లి టెస్టులో నెగెటివ్ అని పిన్ని చెప్పింది. ఆ కాగితం చూపించింది కూడా. ల్యాబ్ రిపోర్టు పట్టుకుని ఇంటి ముందు నిలబడ్డ పిన్నిని చూస్తే నాకు ఎవరు గుర్తొచ్చారో మళ్లీ చెప్పక్కర్లేదు. బాబాయి ఆ నెలలో మూడు పెళ్లిళ్లకి వెళ్లాడు. ఆ మాట ఎవరూ అనలేదు. పోయినవాడి మీద నింద వేయకూడదు కదా.

చెల్లి ఇప్పుడు గచ్చిబౌలిలో పనిచేస్తోంది. శనివారాలు అప్పుడప్పుడు మా ఇంటికొస్తుంది. మొన్న వచ్చినప్పుడు టీవీలో ‘పాడుతా తీయగా’ వస్తోంది, ఇప్పుడు చరణ్ చేస్తున్నాడు. కాసేపు చూసి, "వాళ్ల నాన్నలాగే నవ్వుతాడు కదన్నా" అంది. తర్వాత వంటింట్లోకి వెళ్లి టీ పెట్టింది. ఫ్యామిలీ గ్రూపులోంచి అది ఎప్పుడో వెళ్లిపోయింది.

అది వెళ్లాక ఆ గ్రూపు తెరిచి పైకి, పైపైకి జరుపుకుంటూ 2020 ఆగస్టు 24 దాకా వెళ్లాను. నేను పంపిన మెసేజ్ ఉంది, పైన ఫార్వర్డెడ్ అని చిన్న బాణం గుర్తుతో. కింద అమ్మ పెట్టిన దండాలు, పెద్దమ్మ పెట్టిన పువ్వులు, బాబాయి పెట్టిన "శుభం". ఆ తర్వాత అది తప్పని నేను రాసిన మెసేజ్ కోసం వెతికాను. సాయంత్రం దాకా చూశాను, మర్నాడు కూడా చూశాను. లేదు. ఆ వార్త అబద్ధమని అమ్మకి చెప్పింది నేను కాదు, టీవీ.